దిద్దని కాగితం

సిద్దిపేట,
12 జూలై 2011.

కంప్యూటర్ సదువు జెప్పిన ఇశ్రాయేలు సారుకు, ఓంప్రకాశ్ వాల్ల అవ్వ పోచవ్వ మొక్కి రాసేది.

మీరు, మీ ఇంటోల్లు ఎట్లున్నరు. మేం మంచిగున్నమని రాసుడు పద్ధతి అంటరు గని దానికి చెయ్యి వస్తలేదు. అది ఇడిసిపెట్టి రాస్తున్న. నేను నాలుగో తరగతి దాక సదివిన. తప్పులుంటయి. ఇదివరకు మా ఓడు దిద్దుతుండె.

నా కొడుకు ఓంప్రకాశ్ పోయిండు సారూ. మార్చిల పోయిండు. మీరు అదే నెల సెంటర్ ఇడిసి మీ ఊరికి పోయిన్రని ఓనరు జెప్పిండు. అడ్రసు ఆయన్నే అడిగి తీసుకున్న.

జరిగింది ఇది. హైదరాబాద్ల ఏదో కంపెనీ రాత పరీక్ష ఉండె. అదే రోజు ఆడ తెలంగాణోల్ల పెద్ద ర్యాలీ. ర్యాలీకి పోనియ్యకుండ పోలీసోల్లు తొవ్వల బస్సులాపి మీసాలొచ్చిన పోరగాండ్లందర్ని దించిన్రట. మా ఓని జేబుల ఒక కాగితం దొరికింది. మీ సెంటర్ది పాంప్లెట్, దాని ఎన్క తెల్లగ ఉంటది సూడుండ్రి, ఆడ ఇంగ్లీషుల ఏదో రాసుకున్నడు. అది దొంగ రాత అని రెండు రోజులు ఠాణల కూసోబెట్టిన్రు. మూడో రోజు ఇడిసిపెట్టిన్రు గని ఆ రోజు బందు. బస్సుల్లేవు. రోడ్డు పట్టుకొని నడిసిండు. సిద్దిపేట ఇంక పద్నాలుగు కిలోమీటర్లు ఉన్నదనంగ లారీ గుద్దింది.

గింతే మాటలల్ల అయిపోయింది సారూ.

వాల్ల బాపు సిద్ధయ్య భీవండికెళ్లి వచ్చి, దినాలు చేసి, మల్ల సాంచెల మీద బట్ట నేసే పనికి భీవండికే పోయిండు. నేను ఈడ నూలు కండెలు చుట్టుకుంట ఉన్న.

నాకు కావల్సింది ఒకటే. కేసు కాగితాలల్ల దాన్ని ‘రహస్య సంకేతం’ అని రాసిన్రట. సచ్చినోల్ల మీద కేసు నడువదట గని ఆ మాట వాని పేరు పక్కన ఉంటదట. అది మీరిచ్చిన సదువే అయితే రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి పంపుండ్రి. ఆ మాట తీపిస్త.

ఒకనాడు అన్నం తినుకుంట, ఇయ్యాల ఏం నేర్సుకున్నవ్ రా అని అడిగిన. ‘స్ట్రింగ్ అవ్వా’ అన్నడు. అంటే ఏంది అంటే ‘దారం’ అన్నడు. మగ్గం కాడికెళ్లి తప్పిచ్చి సదువుకు తోలితే మల్ల దారమే నేర్వవడితివా అన్న. ఇద్దరం మస్తు నవ్వినం.

మీ జవాబు కోసం సూస్తుంట.

పోచవ్వ



చీరాల,
30 జూలై 2011.

పోచవ్వ గారికి నమస్కారములు.

మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. ఓంప్రకాశ్ నాకు బాగా గుర్తు. చివరి బెంచీలో కూర్చుని మొదటి బెంచీ వాళ్లకంటే ముందు జవాబు చెప్పేవాడు. దేవుడు మీకు ఓర్పునివ్వాలి.

స్ట్రింగ్ అంటే దారమని అతను సరిగ్గానే చెప్పాడమ్మా. కంప్యూటర్‌కు మాటలు తెలియవు, అక్షరాలే తెలుసు. అక్షరాలను పూసల్లాగా వరసగా గుచ్చితే దాన్ని స్ట్రింగ్ అంటాం. కొత్తగా నేర్చుకునే పిల్లల చేత ముందు ఆ దండతోనే ఆడిస్తాం. మొత్తం పూసలెన్నో లెక్కపెట్టమంటాం. ఫలానా పూస ఎన్నిసార్లు వచ్చిందో చూడమంటాం. దాని బదులు ఇంకోటి పెట్టమంటాం. దండను చివరి నుంచి మొదటికి తిరగేసి గుచ్చమంటాం. ఇందులో రహస్యమేమీ ఉండదు.

అయితే ఆ కాగితం సంగతి నాకు తెలియదు. ఆ వారం మా అమ్మాయికి జ్వరమని ఊరికి వచ్చేశాను. ఏం రాశాడో, ఎవరు రాయమన్నారో చూడకుండా నేను చెప్పడం సబబు కాదు.

ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. మీ ఆరోగ్యం చూసుకోండి.

ఇట్లు,
బి. ఇశ్రాయేలు



సిద్దిపేట,
20 ఆగస్టు 2011.

ఇశ్రాయేలు సారుకు,

మీ ఉత్తరం రెండుసార్లు సదివిన. పూసల సంగతి మంచిగ సమజయింది. మీరు అట్ల చెప్తరు కాబట్టే వాడు నాగ పెట్టకుండ సెంటర్‌కు వస్తుండె.

చూడకుండ చెప్పనంటిరి గద. చూపెడుతున్న. కోర్టు ముంగట రేకుల షెడ్డుల పర్శరాములు అని అర్జీలు రాస్తడు. వాల్లనీ వీల్లనీ బతిమాలి జిరాక్సు తెచ్చిచ్చిండు. నాకు ఇంగ్లీషు రాదు, బొమ్మ గీసినట్టు గీస్తున్న.

TELANGANA
9
A 3
TEL*NG*N*
ANAGNALET

కింద ఇంకొక లైను ఉన్నది. అది రాస్తలేను. అది నాది.

వానితోని ఠాణల ఉన్న పిలగాండ్లు వచ్చి చెప్పిన్రు. 9 అంటే తొమ్మిది గంటలకా అని అడిగిన్రట. 3 అంటే ముగ్గురా, ఆ ముగ్గురెవ్వలు అని అడిగిన్రట. సుక్కలున్న కాడ ఏం పెడ్తరు అన్నరట. ఇగ కిందిది ఏ ఊరు, ఏ నక్సలైటు పేరు అంటే, మా ఓడు ‘తెలంగాణనే సార్, ఎన్కకెళ్లి సదువుండ్రి’ అన్నడట. మాతోని పరాచికాలా అని ఆ మాటకు ఇంక రెండు ఎక్కువ ఏసిన్రట. ఉన్నమాట చెప్పినందుకు దెబ్బలు తిన్నోడు మా ఓడే కావచ్చు.

ఇంకోదిక్కు ఈ ఉద్యమంల ఉన్నోల్లు. వాడు పోయిన నాలుగో నాడే చౌరస్తల వాని ఫోటో పెట్టి ఫ్లెక్సీ కట్టిన్రు. అమరవీరుడు అని రాసిన్రు. మా ఓడు ర్యాలీకి పోలే బిడ్డా, పరీక్షకు పోయిండు అంటే, అండ్ల పెద్దమనిషి ఒకాయన నా చెవి కాడికి వచ్చి ‘అవ్వా, ఇప్పుడు గట్ల అనకు, జనం ఇంటరు’ అన్నడు. వానికి తెలంగాణ వద్దని కాదు సారూ. రోడ్ల మీద వంటలు పెట్టిననాడు వాడు సుత బియ్యం మోసిండు. గని ఆ రోజు మాత్రం ఇస్త్రీ అంగి ఏసుకొని, రెండు పెన్నులు పెట్టుకొని పరీక్షకే పోయిండు. బందు పెట్టింది వీల్లు. పట్టుకున్నది వాల్లు. ఇద్దరి నడుమ నా కొడుకు నడిసిండు.

పోలీసోల్లది అబద్ధం, ఫ్లెక్సీది అబద్ధం. నిజం మీ తాన ఒక్కటే ఉన్నది. రెండు ముక్కలు రాసి సంతకం పెట్టుండ్రి.

పోచవ్వ



చీరాల,
9 సెప్టెంబరు 2011.

పోచవ్వ గారికి,

మీరు గీసినవి చూశాను. ఇవి ఏ పుస్తకంలోనైనా ఉండే మొదటి అభ్యాసాలు. ఏ కంప్యూటర్ మాస్టారైనా మీకు రాసిస్తారు. సిద్దిపేటలోనే ఎవరినైనా అడిగితే త్వరగా పనవుతుంది. నేను ఇటు ప్రాంతం వాణ్ని. ఈ రోజుల్లో నేను రాసిస్తే మీకు మేలుకంటే కీడే ఎక్కువ.

అన్నీ తప్పు లేకుండా చేశాడు. ఆ చివరి లైనులో ఏ మాట రాశాడో తెలుపగలరా? అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకటే అయ్యే మాట అయి ఉండాలి. ఏం ఎంచుకున్నాడా అని ఊరికే అడుగుతున్నాను.

ఇట్లు,
బి. ఇశ్రాయేలు



సిద్దిపేట,
6 అక్టోబరు 2011.

ఇశ్రాయేలుకు,

కింద ఒక లైను ఉన్నదని మాత్రమే నేను రాసిన. అండ్ల అటు సదివినా ఇటు సదివినా ఒకటే అయ్యే మాట ఉంటదని మీకు ఎవ్వలు చెప్పిన్రు?

మీ ఉత్తరం పట్టుకొని ఆడనే గడప మీద కూసున్న. దారం తెగితే ఏలుకు తెలుస్తది, సూడనక్కర లేదు. అట్ల తెలిసింది నాకు. పని ఇచ్చినోనికే ఆఖరు పని ఏందో తెలుస్తది.

ఈడ అందరు సమ్మెల ఉన్నరు. బడులు బందు, బస్సులు బందు, కోర్టు సుత బందు. పర్శరాములు ఖాళీగ కూసున్నడు. కేసు కాగితాలన్ని మొదటికెళ్లి సదివి ఇనిపియ్యి అన్న. ‘అంత ఎందుకవ్వా, మనకు కావల్సిన ముక్క సదివిన గద’ అన్నడు. నీకు పనేమన్న ఉన్నదా, సదువు అన్న. సదివిండు. నాలుగో కాగితంల ఉన్నది. సెంటర్‌కు ఫోన్ చేసిన్రట. ‘శిక్షకుడు ఇశ్రాయేలు అను వ్యక్తిని విచారించగా సదరు రాతతో తనకు సంబంధము లేదని, ఎవరు రాయించినది తెలియదని తెలిపినాడు.’ పర్శరాములు అది సదివి నా మొఖం సూడలేక అద్దాలు తీసి తుడుసుకుంట కూసున్నడు.

ఊర్ల లేనంటిరి. బిడ్డకు జ్వరమంటిరి. మీ బిడ్డ సల్లగుండాలె, నేను ఆ పిల్లనేమి అంటలేను.

ఇంకో సారుతోని రాపియ్యుమన్నరు. అడిగిన. ‘ఇచ్చినాయినే చెప్పాలె అవ్వా, మేం చెప్తే ఏం చెల్లుతది’ అన్నరు. వాల్లది నిజమే.

రెండు రోజులు నా కొడుకు మిమ్ముల నమ్ముకొని ఆడ కూసున్నడు. మా సారు చెప్తడు, మా సారు చెప్తడు అని పక్కన పిలగాండ్లతోని అన్నడట. ఇది నేను మీకు రాయొద్దనుకున్న. ఇప్పుడు రాస్తున్న.

అవునని రాస్తరా, లేదా?

పోచవ్వ



పోచవ్వ గారికి,

మూడుసార్లు రాసి చింపేశాను. ఇది నాలుగోది.

నేను ఊళ్లోనే ఉన్నాను. ఫోన్ ఎత్తింది నేనే. పని ఇచ్చింది నేనే.

బందుల వల్ల సెంటర్ తెరిచే రోజుకంటే మూసే రోజులే ఎక్కువగా ఉండేవి. కంప్యూటర్ లేకపోయినా చేతితో చేసుకురండని అందరికీ ఒక్కో పాంప్లెట్ పంచాను. బోర్డు మీద ముందు నేను రాసిన మాట ANDHRA. అలవాటుగా రాశాను, మనసులో ఏమీ లేదు. వెనక బెంచీ నుంచి ఓంప్రకాశ్ లేచి, ‘సార్, గా మాటను మమ్ముల తిప్పుమంటరా, మీరే తిప్పుకుంటరా?’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. అప్పటికే నా బండి అద్దం ఎవరో పగలగొట్టి ఉన్నారు. నాకు భయమేసింది. అది తుడిచేసి పెద్ద అక్షరాలతో TELANGANA అని రాశాను. వాళ్లను మెప్పించడానికే రాశాను. తిరగేసి చూపిస్తే మళ్లీ వాడే, ‘మా తెలంగాణను తలకిందులు జేసిన్రు సార్, మీ వోల్లకు ఇది అలవాటే’ అన్నాడు. నేనూ నవ్వాను. అంత బాగా నవ్విన రోజు సిద్దిపేటలో నాకు ఇంకోటి లేదు. చివరి ప్రశ్నకు మాట మీరే వెతుక్కోండి, ఎటు చదివినా మారకూడదు, ఎవరి మాట బాగుంటే వాళ్లకు పెన్ను ఇస్తానన్నాను.

ఫోన్ పదిన్నరకు వచ్చింది. ముందు ‘ఏ ఊరు నీది’ అని అడిగారు. చెప్పాను. ‘ఆంధ్రోనివై ఉండి పిల్లల చేత తెలంగాణ అని రాయిస్తున్నవా, ఎవరి మనిషివి నువ్వు’ అన్నారు. వెనకాల ఓంప్రకాశ్ గొంతు వినిపించింది. ‘సార్, నేను సార్. హోంవర్క్ అని చెప్పుండ్రి సార్.’

నాకు తెలియదని చెప్పాను.

వాళ్లు ఫోన్ పెట్టేశారు. వాడు పోయిన నాలుగో రోజు చౌరస్తాలో ఫ్లెక్సీ చూశాను. ఆ సాయంత్రమే సామాను కట్టుకున్నాను.

ఇక్కడ స్కూలు వాళ్లకు నేను సిద్దిపేటలో పనిచేశానని కూడా చెప్పలేదు. పోలీసు కేసులో నా పేరు వస్తే ఈ ఉద్యోగం పోతుంది. మీరు అడిగింది ఇంతకంటే చిన్నదని నాకు తెలుసు. మీరు నన్ను తిట్టండి.



సిద్దిపేట,
4 జనవరి 2012.

ఇశ్రాయేలుకు,

మీ కాగితం వచ్చింది. ఊరి పేరు లేదు, తారీకు లేదు, కింద సంతకం లేదు. కవరు మీద ముద్రల చీరాల అని ఉన్నది, అది పోస్టోల్లు వేసింది.

పర్శరాములు దగ్గరికి ఉరికిన. ఇగ తీసేస్తరు గద అన్న. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. ‘పేరు లేదు గదవ్వా, ఇది ఎవ్వలన్న రాయొచ్చు’ అన్నడు. సంతకం లేకుంటే అది వట్టి కాగితమేనట.

తిట్టుమన్నరు. నాకు తిట్లు రాక కాదు. మిమ్ముల తిడితే మీకు నిమ్మలమైతది. అందుకే తిడుతలేను.

పోచవ్వ



సిద్దిపేట,
18 జూలై 2014.

సారుకు,

మల్ల సారు అని రాస్తున్న. సారు చేసే పని పడ్డది కాబట్టి.

రెండున్నర ఏండ్లు నేను రాయలే, మీరు రాయలే. మీ బిడ్డ పెద్దగైందనుకుంట. మీరు ఆ అడ్రసుల ఉన్నరో లేరో తెల్వది. లేకుంటే ఇది తిరిగి వస్తది, మల్ల పంపుత.

తెలంగాణ వచ్చింది. మీరు టీవీల సూసే ఉంటరు. మా గల్లీల రంగులు చల్లుకున్నరు, పటాకులు కాల్చిన్రు. మిఠాయి తెచ్చి చేతుల పెడితే తిన్న. వద్దనలే. వానికి కావాల్నని ఉండె గద, వాని పాలుది తిన్న అనుకున్న. తియ్యగనే ఉన్నది.

పోయిన వారం పర్శరాములు ఇంటికి వచ్చిండు. ఎన్నడు రానోడు వచ్చిండు. ‘అవ్వా, కేసు ఎత్తేసిన్రు’ అన్నడు. కోర్టుల ఉన్న మా ఓని కాగితం ఇడిపిచ్చి తెచ్చి నా ముంగట పెట్టిండు. హోంవర్క్ అని ఒప్పుకొని ఎత్తేసిన్రా అని అడిగిన. ‘కాదవ్వా, ఉద్యమకారులందరి మీద ఎత్తేస్తున్నరు, అండ్ల మనది సుత పోయింది’ అన్నడు. అంటే రహస్య సంకేతం అనే మాట అట్లనే ఉన్నది సారూ. అప్పుడు అది తప్పు, ఇప్పుడు అది గొప్ప. మా ఓన్ని కొట్టినోల్లు సుత ఇప్పుడు మొదలు జై తెలంగాణ అని మాట్లాడుతున్నరు.

ఎన్కనే ఇద్దరు పిలగాండ్లు లిస్టు పట్టుకొని వచ్చిన్రు. ఉద్యమంల పోయిండని రాసుకుంటం, ఈడ సంతకం పెట్టవ్వా అన్నరు. మంచి పిల్లలే. నీళ్లిచ్చిన, తాగిన్రు. సంతకం పెట్టలే. ‘ఏందవ్వా, పిచ్చి లేసిందా, అందరు పెడుతున్నరు’ అన్నరు. అబద్ధం కింద నేను పెట్టలే. నిజం కింద మీరు పెట్టలే. మనిద్దరిల ఎవ్వరిది తెలివో మీకే తెలువాలె, సదువుకున్నోల్లు.

ఈ కవర్ల ఉన్నది జిరాక్సు కాదు. ఆ కాగితమే. మూడు మడతలు వాడు పెట్టినయే. మూలకు గుండ్రంగ ఉన్న ముద్ర కోర్టుది, పిన్ను గుచ్చిన రంధ్రాలు వాల్లయి. ఒక దిక్కు మసక అయింది, అది వాని చెమటో నా చెయ్యో తెల్వది.

ఆఖరి లైను ఏందని అడిగితిరి. అప్పుడు చెప్పలే. ఇప్పుడు మీరే సూడుండ్రి.

AVVA

పోలీసోల్లు ఇది ఏ దళం పేరు అని అడిగిన్రట. మా అవ్వ సార్ అన్నడట. దానికి కొట్టలేదట, నవ్విన్రట.

నేను ఈ నాలుగక్షరాలు నేర్సుకున్న. పాత పలకుంటే దాని మీద అటుకెళ్లి రాసిన, ఇటుకెళ్లి రాసిన. ఒకటే వచ్చింది. మల్ల మన తెలుగుల అవ్వ అని రాసి ఎన్కకెళ్లి సదివిన. కాలేదు, వ్వఅ అని ఏదో అయింది. ఇంగ్లీషుల ఎట్ల నిలవడ్డదో, తెలుగుల ఎట్ల ఇరిగిందో నాకు తెల్వది. మీ పూసల లెక్క అది. వాడు ఉంటే చెప్తుండె.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది అర్జీ కాదు, సాక్ష్యం కాదు. అవన్ని అయిపోయినయి. మీ ఉద్యోగం పోదు, మిమ్ముల ఎవ్వలు ఏ ఊరని అడుగరు. ఎర్ర పెన్ను తీసి కాగితం దిద్దుండ్రి. ఒప్పున్న కాడ ఒప్పు పెట్టుండ్రి, తప్పున్న కాడ తప్పు పెట్టుండ్రి. పోయినోడని జాలిపడి మార్కులు ఎక్కువ ఎయ్యకుండ్రి, వానికి అట్లాంటియి నచ్చయి. మంచి మాట తెచ్చినోనికి పెన్ను ఇస్తనని రాసిన్రు. వేరే పిల్లల మాటలు సూసి చెప్పుండ్రి, పెన్ను వానికే రావాల్నంటే పంపుండ్రి, కాదంటే వద్దు.

దిద్దినంక కింద మీ పేరు పూర్తిగ రాసి సంతకం పెట్టుండ్రి.

తారీకు మాత్రం పాతది ఎయ్యకుండ్రి. దిద్దిననాటి తారీకే ఎయ్యుండ్రి. ఎన్నేండ్లకు దిద్దిన్రో దాని మీద ఉండాలె.

ఓంప్రకాశ్ వాల్ల అవ్వ,
పోచవ్వ